తువ్వాలు వేసిన సీటు

ఆ ఉదయం ఆకాశం బాగా కిందికి దిగి ఉంది. కురిసే మబ్బూ కాదు, విడిపోయే మబ్బూ కాదు. ఎదురింటి కప్పుల మీద తడి దుప్పటి ఆరేసినట్టు కదలకుండా ఉంది. జకరయ్య కిటికీ దగ్గర నిలబడి దానివంక చాలాసేపు చూశాడు. ఊళ్ళో ఇలాంటి మబ్బు పడితే తమలపాకు కోతకి తొందరపడరు. తడి ఆకు కట్ట కడితే మచ్చ పడుతుంది.

"జకరీ, రా. చల్లారిపోతున్నాయ్," అని వంటింట్లోంచి పిలిచాడు బావ సుందర్ రాజ్.

పళ్ళెంలో ఉడికిన గుడ్లు పెట్టి ఉన్నాయి. సుందర్ రాజ్ ఆఫీసు చొక్కా చేతులు పైకి మడిచి, ఇంకో గుడ్డు పెంకు తీస్తున్నాడు. పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడి వస్తోంది.

"అన్నీ తినాలి. నీకిప్పుడు ప్రోటీన్ కావాలి."

పొయ్యి పక్కన రెండు గిన్నెలున్నాయి. చిన్నది అక్కది. కూరగాయ ముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టిన కూర. అందులో ఉప్పు వెయ్యరు. పెద్ద గిన్నె మిగతావాళ్ళది. అందులోంచి ముందు జకరయ్యకే వడ్డిస్తారు. అతను అక్కకి కిడ్నీ ఇవ్వడానికి వచ్చాడు. వచ్చిన రోజునుంచీ ఆ ఇంట్లో అతన్ని మంచుపెట్టెలో పెట్టిన మందుసీసాలాగా చూసుకుంటున్నారు. చలికి బయటికి పోనివ్వరు. బరువు ఎత్తనివ్వరు. నిన్న చెత్తబుట్ట బయట పెట్టబోతే బావ పరుగెత్తుకొచ్చి లాక్కున్నాడు.

అక్క ప్రేమజ్యోతి లోపల పడుకుని ఉంది. డయాలసిస్ ఉన్న రోజున బయల్దేరేదాకా ఆమె లేవదు. బావ ఆమెని డయాలసిస్ సెంటర్లో దింపి, ఆమె కుర్చీ పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటాడు. అతని సెలవులన్నీ ఎప్పుడో అయిపోయాయి. అందుకే ఈ రోజు జకరయ్య ఒక్కడే షికాగోలో ఆసుపత్రికి వెళ్ళాలి.

నేపర్‌విల్ స్టేషన్ ముందు కారు ఆపి సుందర్ రాజ్ మళ్ళీ చెప్పాడు.

"లాస్ట్ స్టాప్. అందరూ దిగుతారు, నువ్వూ దిగు. బయటికొస్తే బస్సు. జెమీ నీ ఫోన్లో అన్నీ సెట్ చేసింది."

"ఆఁ."

"లోపల వాళ్ళు ఏమడిగినా యస్ అను. పోయినసారి పక్కన నేనున్నాను కాబట్టి మేనేజ్ చేశా. ఈసారి ఫ్యామిలీ ఉండకూడదంట. వాళ్ళ రూల్."

"ఆఁ."

"కోటు జిప్పు పైదాకా పెట్టుకో."

జకరయ్య జిప్పు పైకి లాక్కున్నాడు. మెడ చుట్టూ ఉన్న ఎర్రంచు తువ్వాలు లోపలికి పోయింది.

ప్లాట్‌ఫారం మీద జనం ఎవరికివాళ్ళు నేల చూసుకుంటూ నిలబడ్డారు. ఒకాయన మాత్రం భుజాన ఆఫీసు సంచితో దగ్గరికొచ్చాడు.

"ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. మీరే కదండీ, నిన్న మన చర్చిలో పాస్టరుగారు నిలబెట్టింది?"

"ఆఁ, అవునండి."

"అందరం చప్పట్లు కొడుతుంటే మా ఆవిడ ఏడ్చేసిందండీ. తమ్ముడంటే అలా ఉండాలి. మా తమ్ముడున్నాడు చూడండి, పొలం గట్టు కూడా ఇవ్వడు. కిడ్నీ సంగతి దేవుడెరుగు." ఆయన నవ్వాడు. "ఆపరేషన్ ఎప్పుడంటారు?"

"ఇంకా చెప్పలేదండి."

"అయిపోద్ది బ్రదర్. మేమంతా ప్రేయర్ చేస్తున్నాం."

బండి వచ్చింది. రెండంతస్తుల బండి. ఆయన పై అంతస్తు సీట్లలోకి ఎక్కిపోయాడు. జకరయ్య కింద కిటికీ పక్కన కూర్చున్నాడు. అంతమంది ఉన్నారు, మాట లేదు. ఎదురుగా ఒకమ్మాయి చిన్న అద్దంలో చూసుకుంటూ కనురెప్పలకి రంగు పెట్టుకుంటోంది. బండి ఊగినప్పుడల్లా చెయ్యి ఆపుతుంది, ఊపు తగ్గగానే మళ్ళీ మొదలుపెడుతుంది. తోటలో నిచ్చెన మీద గాలికి తనూ అంతే. గాలొస్తే ఆగడం, గాలి పోగానే తమలపాకు తీగని అవిశ మానుకి చేర్చి జమ్ము నారతో ముడి వెయ్యడం. ఆ పిల్ల పనితనం చూసి అతనికి కాస్త స్థిమితంగా అనిపించింది. టోపీ పెట్టుకున్న కండక్టరు వచ్చి ఫోన్లో టిక్కెట్టు వంక ఒక్క చూపు చూసి పోయాడు. ఎక్కడికని అడగలేదు.

బస్సులోనూ ఎవరూ ఏమీ అడగరని మేనకోడలు జెమీమా ముందే చెప్పింది. "మామయ్యా, యెల్లో తాడు ఉంటది. అది పుల్ చెయ్యాలి. నువ్వు పుల్ చెయ్యకపోతే బస్ వెళ్తానే ఉంటది." హైస్కూల్లో చదివే పిల్ల. హాల్లో రెండు కుర్చీలు వేసి, ఒకదాంట్లో అతన్ని కూర్చోబెట్టి, పైన లేని తాడుని లాగించి మరీ నేర్పింది.

అతను సరిగ్గానే లాగాడు. సరిగ్గానే దిగాడు.

ఆసుపత్రిలో అతన్ని కూర్చోబెట్టిన గది చాలా చిన్నది. బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా, ఒక ఫోను. ఎదురుగా కార్లా అనే నడివయసు ఆమె. అవయవం ఇచ్చేవాళ్ళ పక్షాన మాట్లాడటమే ఆమె ఉద్యోగమట. ఆ సంగతి ఫోన్లోంచి తెలుగు గొంతు చెప్పింది.

"నమస్తే సార్. ఆమె అనేది నేను తెలుగుల చెప్త. మీరనేది ఇంగ్లీషుల చెప్త. నా సొంతంగ ఏం చెప్ప."

"మంచిదమ్మా."

"ఇద్దామన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందని అడుగుతున్నది."

జకరయ్య అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ఫోనొచ్చింది."

"ఎవరు చేసిన్రు?"

"మా బావ."

"ఏమని అడిగిండు?"

ఆ రోజు తను తోటలో ఉన్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ముడి వేస్తున్నాడు. నీ రక్తం కలుస్తుందేమో, గుంటూరు పోయి పరీక్ష చేయించుకో, పాస్‌పోర్టుకి పెట్టు అన్నాడు బావ. సరేనండి అన్నాడు తను. పక్క సాలులో ఉన్న భార్య మార్తమ్మ అతనివంక చూసింది. మళ్ళీ తీగలవైపు తిరిగింది.

"అడగలేదమ్మా. చెప్పారు."

ఫోను ఇంగ్లీషులో అంతకన్నా పొట్టిగా చెప్పింది. కార్లా రాసుకుంటున్న పెన్ను కింద పెట్టింది. నెమ్మదిగా, అతని మొహంలోకి చూస్తూ మాట్లాడింది.

"ఆమె ఏమంటున్నదంటే సార్, మీకు మనసు లేకపోతే ఎప్పుడైనా వద్దనొచ్చు. ఆపరేషన్ గదిలకు తీస్కపోయే ముందు గూడ. ఎందుకని అడగరు. మీ అక్కకు గాని, బావకు గాని ఆ మాట చెప్పరు. మీరు దీనికి సరిపోలేదని ఒక్కటే చెప్తరు. అంతే."

"అట్టా చెబుతారా?"

"చెప్తరట."

"అబద్ధం కాదా అమ్మా మరి?"

"ఇది ఆమెను అడగమంటరా సార్?"

"వద్దులే."

అతను కాగితపు రుమాళ్ళ డబ్బావంక చూశాడు. ఇంత దూరాన, ఇంత చిన్న గదిలో, తనకోసం ఒక తలుపు తీసి పెట్టి ఉంది. అందులోంచి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. చర్చిలో ఆ పెద్దమనిషి, పాపం సరిపోలేదంట అనుకుంటాడు. ఊళ్ళోనూ అదే అనుకుంటారు.

"మళ్ళీ వచ్చి చెబుతానని చెప్పమ్మా."

ఎల్లుండి స్కాన్ ఉంది, ఆ మర్నాడు రమ్మని చెప్పింది కార్లా. లేచి తలుపు దాకా వచ్చి చెయ్యి కలిపింది.

తిరుగు బండి స్టేషన్లో నిలబడి ఉంది. ఎవరూ ఎక్కలేదింకా. ఒక పనివాడు రైలుపెట్టెలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ సీట్ల వీపులు ఒక్కొక్కటీ అవతలికి తోస్తున్నాడు. పొద్దున అటు చూసిన సీట్లన్నీ ఇటు తిరుగుతున్నాయి. జకరయ్య కిటికీ సీటు చూసుకుని కూర్చున్నాడు. పొద్దుననగా బయల్దేరినవాడికి ఒంటేలుకి వెళ్ళాల్సిన అవసరం పడింది. మెడలోంచి తువ్వాలు తీసి, మడత విప్పి, సీటు నిండా పరిచాడు. పెట్టె చివర గదికి వెళ్ళొచ్చాడు.

వచ్చేసరికి తువ్వాలు సీటు పక్క కడ్డీకి వేలాడుతోంది. సీట్లో ఒక యువకుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

జకరయ్య అక్కడే నిలబడ్డాడు. బాపట్ల బస్సులో కిటికీలోంచి తువ్వాలు పడిందంటే అక్కడ మనిషి కూర్చున్నట్టే. కాదని తీసినవాడు చొక్కా చించుకుని దిగాల్సొచ్చేది. ఈ కుర్రాడి మొహంలో తప్పు చేసిన జాడ లేదు. తువ్వాలుని శుభ్రంగానే వేలాడదీశాడు. నేల మీద పడెయ్యలేదు. ఎవరిదో కనుక్కుందామని మాత్రం తోచలేదు, అంతే. జకరయ్య తువ్వాలు తీసుకుని, దులిపి, మెట్ల దగ్గర నిలబడి నేపర్‌విల్ దాకా వచ్చాడు.

రాత్రి అన్నం ముందు సుందర్ రాజ్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. "ప్రభువా, నీ దాసుడు జకరయ్య సంతోషంతో ఇస్తున్న ఈ కానుకను బట్టి నీకు స్తోత్రం." అక్క ఆమెన్ అంది. జకరయ్య పెదవులు కూడా కదిలాయి.

స్కాన్ రోజున సన్నగా చినుకులు పడుతున్నాయి. బస్సు అద్దాలకి ఆవిరి పట్టింది. జకరయ్య తాడు కిందే కూర్చున్నాడు. ముందు పలక మీద వచ్చే స్టాపు పేరు ఎర్రగా వెలుగుతుంది, ఆడగొంతు ఒకటి ఆ పేరు పలుకుతుంది. ఆసుపత్రి పేరు పలికింది. జకరయ్య పైకి చూశాడు. పసుపు తాడు బస్సు ఊపుకి కొంచెం ఊగుతోంది. అతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

బస్సు ఆగలేదు. ఆసుపత్రి అద్దాల గోడ, దాని ముందు చక్రాల కుర్చీలో దుప్పటి కప్పుకున్న ఒక ముసలామె, అన్నీ వెనక్కి పోయాయి.

తర్వాత ఏ స్టాపులోనూ అతను లేవలేదు. చేతి సంచుల్లో కూరగాయలున్న ఆడవాళ్ళు ఎక్కారు, దిగారు. బడిపిల్లలు ఎక్కి కాసేపు బస్సంతా గోల చేసి దిగారు. గోడలకి బొమ్మలు వేసిన ఇళ్ళు, బట్టలు ఉతికే అంగళ్ళు, మూతపడ్డ సినిమాహాలు. ఎక్కడికి పోతున్నాడో తెలియదు. తెలియకపోవడం హాయిగానే ఉంది. ఈ ఊరు వచ్చాక తనని ఏమీ అడగనిది, ఏమీ పెట్టనిది ఈ బస్సొక్కటే.

చివరికి డ్రైవరు, లావుపాటి నల్లావిడ, ఇంజను ఆపి వెనక్కి తిరిగింది. "లాస్ట్ స్టాప్," అంది. అతని మొహం చూసి, ఇంకోమాట ఏదో మెత్తగా అంది. అది అతనికి అర్థం కాలేదు. తలూపి దిగాడు.

రోడ్డు దాటితే ఇసక. ఇసక దాటితే నీళ్ళు. అవతలి ఒడ్డు లేదు. సూర్యలంక సముద్రం గుర్తొచ్చి అడుగులు వాటంతటవే పడ్డాయి. అల వచ్చింది, విరిగింది, వెనక్కి పోయింది. అంతా అదే. వాసన మాత్రం లేదు. జకరయ్య వంగి రెండు వేళ్ళు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. చప్పగా ఉంది. మళ్ళీ వేసుకున్నాడు. అంత నీళ్ళలో ఎక్కడా ఉప్పు లేదు.

జేబులో ఫోను మోగుతూ ఉంది. ఆగింది. మళ్ళీ మోగింది.

"స్కాన్ స్లాట్ దొరకడం ఎంత కష్టమో తెలుసా నీకు?" అన్నాడు సుందర్ రాజ్ ఇంటికి రాగానే. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక అతనికీ లేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. "హాస్పిటల్ వాళ్ళు నాకు కాల్ చేశారు. నేను మీటింగ్‌లో ఉన్నాను. ఒక్క తాడు లాగడం రాదా జకరీ?"

"చూసుకోలేదు బావా."

"డాడ్, ఫస్ట్ టైమ్ నేను కూడా మిస్ అయ్యాను," అంది జెమీమా.

"ఫస్ట్ టైమ్ కాదుగా. మొన్న కరెక్ట్‌గా దిగాడు."

ప్రేమజ్యోతి సోఫాలో దిండుకి ఆనుకుని ఉంది. డయాలసిస్ సూదులు తీసిన చోట మోచేతి కింద గుడ్డపట్టీ వేసి ఉంది. ఆమె తమ్ముడి మొహం చూడలేదు. గుమ్మం దగ్గర విడిచిన అతని బూట్లు చూస్తోంది.

బావ పైకి వెళ్ళాక ఆమె లేచింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర మెల్లగా కూలబడింది. బూట్ల చుట్టూ రాలిన ఇసకని అరచేత్తో ఒక కుప్పగా చేసింది.

"ఉండక్కా, నేను తీస్తాలే."

"లేక్ దాకా పోయావా?"

"ఆఁ."

"ఎట్టా ఉన్నాయి నీళ్ళు?"

"చప్పగా ఉన్నాయి."

"తాగావా ఏంది?"

"నాలిక మీద వేసుకున్నా."

ఆమె నవ్వబోయింది, దమ్ము చాల్లేదు. "ఇన్నేళ్ళున్నా, నేను ముట్టుకోనే లేదురా ఆ నీళ్ళు. కార్లోంచి చూడటమే." ఇసకని కాగితంలోకి ఎత్తింది. మడిచింది. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు డయాలసిస్ లేని రోజు. సుందర్ రాజ్ కారు తీస్తుంటే ప్రేమజ్యోతి పొడుగు కోటు వేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెక్కడికి?"

"స్టేషన్ దాకా. ఇంట్లో ఊపిరాడటం లేదు."

స్టేషన్ దగ్గర ఆమె కూడా దిగింది. సుందర్ రాజ్ అద్దం దించాడు.

"జ్యోతీ, ఏంటిది?"

"నేనూ వెళ్తా వాడితో."

"ట్రైన్‌లోనా? నీకు ట్రైన్ ఎక్కడం వచ్చా?"

"వాడికొచ్చుగా."

"లోపలికి ఫ్యామిలీని రానివ్వరు."

"బయట కూచుంటా."

వెనక కార్లు ఆగాయి. సుందర్ రాజ్ ఇంకేదో అనబోయి, చెయ్యి స్టీరింగు మీద వేసుకుని ముందుకి పోయాడు.

ఆ రోజు జనం ఎక్కువ. బండి ఆగీ ఆగకముందే జకరయ్య తలుపు దగ్గరున్నాడు. లోపలికి దూరి, ఇద్దరు పట్టే సీటు కనపడగానే మెడలోంచి తువ్వాలు లాగి దాని మీద పరిచాడు. వెంటనే అక్కకోసం వెనక్కి తిరిగాడు. ఆమె ఇంకా మెట్టు మీదే ఉంది. కడ్డీ పట్టుకుని, కాలు పైకి తీయలేక నిలబడింది. చంక కింద చెయ్యి వేసి ఎక్కించాడు. ఎముకలే తగిలాయి.

తువ్వాలు దగ్గర ఒక పొడుగాటి ఆయన నిలబడి ఉన్నాడు. తువ్వాలుని చూశాడు, జకరయ్యని చూశాడు. వేలితో సీటు చూపించి ఏదో అడిగాడు.

"సిస్టర్," అన్నాడు జకరయ్య.

ఆయన వెనకున్న ఆమెని చూసి తల వంచి అవతలికి పోయాడు.

ప్రేమజ్యోతి కిటికీ పక్కన కూర్చుంది. ఆయాసం తీరేదాకా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇక్కడ కూడా తువ్వాలేసి సీటు పట్టావా?"

"ఒక్కోసారి ఊరుకుంటారు, ఒక్కోసారి ఊరుకోరు."

లైల్ పోయింది. డౌనర్స్ గ్రోవ్ పోయింది. ఆకులు రాలిన చెట్లు, ఇళ్ళ పెరళ్ళు, పిల్లల ఉయ్యాలలు. ఆమె అన్నిటినీ చూస్తోంది. ఆ ఇళ్ళ ముందు వైపు రోడ్డు మీద ఎన్నోసార్లు కార్లో పోయి ఉంటుంది. వెనక వైపు చూడటం ఇదే మొదలు.

"ఆసుపత్రి వాళ్ళు నన్ను కూడా ఒక్కదాన్నే కూచోబెట్టి అడిగారురా," అంది కిటికీలోకే చూస్తూ. "మీ తమ్ముడికి ఇష్టమేనా అని. ఇష్టమేనన్నాను. నిన్ను అడక్కుండానే."

జకరయ్య ఆమెవైపు తిరిగాడు.

"ఇప్పుడు అడుగుతున్నా. ఇస్తావా?"

బండి ఏదో స్టేషన్లో ఆగింది. తలుపులు తెరుచుకుని చలిగాలి వచ్చింది. మూసుకున్నాయి.

ఇస్తానక్కా అనే మాట నోటిదాకా వచ్చింది. అదొక్కటీ అంటే చాలు. ఆ చిన్న గదిలోకి పోయి వద్దని చెప్పి రావచ్చు. సరిపోలేదంట అని ఆమే తనని ఓదారుస్తుంది. నిన్నటిదాకా అతను అనుకున్నది అదే. ఇప్పుడు ఆమె చెయ్యి తువ్వాలు మీద ఉంది, కోటు చెయ్యి పైకి జరిగి ఉంది. డయాలసిస్ కోసం కోసి కలిపిన నరం, మోచెయ్యి కింద, ముదురు తీగలాగా ఉబ్బి మెలి తిరిగి ఉంది. కొట్టుకుంటూ ఉంది. పక్కనుంచే కనపడుతోంది.

"ఇవ్వాలని లేదక్కా," అన్నాడు.

ఆమె కిటికీ వదిలి అతనివైపు తిరిగింది.

"భయమా?"

"భయం ఉంది. అదొక్కటే కాదు."

"మరి?"

"నాకు చెప్పడం చేతకాదు. పొద్దున్నే నిచ్చెన భుజానేసుకుని పోతాను చూడు. ఆ మనిషి కావాలి నాకు." అక్క చేతివంక చూశాడు. "నువ్వూ కావాలి. రెండూ కుదరటల్లా."

ఆమె తువ్వాలు మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. ఎర్రంచు వెంట గోరు పోనిచ్చింది. పక్క వరసలో ఎవరో దగ్గారు. చాలా దూరం పోయాక నెమ్మదిగా అంది.

"అడిగితే ఇదే అంటావని తెలుసు. అందుకే అడగలా."

"అక్కా..."

"ఊరుకో. నీ చోట నేనుంటే ఇచ్చేదాన్నో లేదో. ఇచ్చేదాన్నని నాకు నేను చెప్పుకుంటా ఉన్నా ఇన్నాళ్ళూ."

కన్నీళ్ళు ఏమీ రాలేదామెకి. మొహం మాత్రం ఒక్కసారిగా అలిసిపోయింది.

"దిగి వెనక్కి పోదామా మరి?" అన్నాడు జకరయ్య.

"వద్దు. చెప్పొద్దాం. ఆసుపత్రిలో ఆమె నీకోసం చూస్తా ఉంటది."

బస్సులో ఆమెకి కార్డు ఎక్కడ ఆనించాలో చూపించాడు. ఓపిక లేనివాళ్ళకోసం ముందు వరస ఖాళీగా పెడతారని చెప్పి అక్కడ కూర్చోబెట్టాడు. ఆమె పసుపు తాడువంక చూసింది.

"ఇదేనా నువ్వు చూసుకోని తాడు?"

"ఇదే."

"నేను లాగనా?"

"ఇంకా రాలా... ఇప్పుడు."

ఆమె లాగింది. గంట మోగింది. బస్సు వేగం తగ్గింది.

ఆమెని బయట బల్ల మీద కూర్చోబెట్టి జకరయ్య లోపలికి పోయాడు. కార్లా ఈసారి కాగితాలు ముందు పెట్టుకోలేదు. ఫోన్లో మొన్నటి గొంతే పలికింది.

"ఇవ్వనని చెప్పమ్మా," అన్నాడు. "సరిపోలేదని మాత్రం చెప్పించొద్దు. మా అక్కకి నేనే చెప్పేశాను."

గొంతు ఇంగ్లీషులోకి మార్చింది. కిడ్నీకోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో అక్క పేరు ఎక్కడుందో అక్కడే ఉంటుందనీ, దీనివల్ల ఆమె చోటు పోదనీ చెప్పింది కార్లా. ఆమె వంతు ఎన్నాళ్ళకి వస్తుందో తను చెప్పలేనని కూడా అంది.

"మంచిగ చేసిన్రు సార్," అంది ఫోను చివర్లో. అది కార్లా అన్నదో, ఆ గొంతు సొంతంగా అన్నదో అతనికి తెలియలేదు.

సాయంత్రం స్టేషన్ దగ్గర సుందర్ రాజ్ కారు ముందే వచ్చి ఉంది. ప్రేమజ్యోతి ముందు కూర్చుంది. జకరయ్య వెనక కూర్చున్నాడు.

"అయిందా? స్కాన్‌కి మళ్ళీ డేట్ ఇచ్చారా?"

ప్రేమజ్యోతి నోరు తెరిచింది. ఆమెని మాట్లాడనివ్వలేదు జకరయ్య.

"ఇవ్వనని చెప్పాను బావా."

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. అద్దంలో బావ కళ్ళు కనపడ్డాయి, తర్వాత కనపడలేదు. ఎర్రదీపం పచ్చగా మారింది. కారు కదల్లేదు. వెనకనుంచి హారన్ కొట్టారు. మళ్ళీ కొట్టారు. ప్రేమజ్యోతి చెయ్యి చాపి భర్త మణికట్టు మీద వేసింది. కారు కదిలింది.

ఇంటికొచ్చాక సుందర్ రాజ్ గారేజీలోనే చాలాసేపు ఉండిపోయాడు. ఇంజను ఆపిన చప్పుడు వినిపించింది. కారు తలుపు చప్పుడు మాత్రం వినిపించలేదు. జెమీమా తల్లి మొహం, మామయ్య మొహం మార్చి మార్చి చూసి, పళ్ళేలు తీసి బల్ల మీద పెట్టింది. అన్నం కుక్కర్లో పెట్టి స్విచ్చి వేసింది.

సుందర్ రాజ్ లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. ఎప్పటిలాగే ఫ్రిజ్‌లోంచి చిన్న గిన్నె, పెద్ద గిన్నె తీసి వెచ్చబెట్టాడు. పొద్దున ఉడకబెట్టిన గుడ్లు మిగిలి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని పెంకు పగలగొట్టాడు. సగం తీశాక అతని వేళ్ళు ఆగిపోయాయి. సింకు ముందు అలాగే నిలబడ్డాడు, వీపు వీళ్ళవైపు పెట్టి. తర్వాత మిగతా సగం కూడా తీశాడు. ఈసారి తెల్లసొన ఊడకుండా నెమ్మదిగా తీశాడు. తెచ్చి జకరయ్య పళ్ళెంలో పెట్టాడు.

నలుగురూ కూర్చున్నారు. సుందర్ రాజ్ కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా," అన్నాడు. వాళ్ళు తలలు వంచుకుని ఎదురుచూశారు. ఇంకో మాట రాలేదు. కుక్కర్ మూత మీద ఆవిరి సన్నగా కూస్తోంది. కొంతసేపటికి జెమీమా "ఆమెన్" అంది.

జెమీమా పెద్ద గిన్నె మామయ్యవైపు జరిపింది. జకరయ్య దాన్ని పక్కకి పెట్టి, అక్క ముందున్న చిన్న గిన్నె అందుకున్నాడు. సొరకాయ ముక్కలు, రంగు పోయినవి, రెండు గరిటెలు అన్నంలో వేసుకున్నాడు. కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సరస్సు నీళ్ళ రుచి గుర్తొచ్చింది. నమిలి మింగాడు. ప్రేమజ్యోతి అతని చేతివంకే చూస్తూ తన ముద్ద కలుపుకుంది. సుందర్ రాజ్ ఇద్దరి పళ్ళేలూ చూశాడు. తర్వాత అతనూ చిన్న గిన్నెలోంచే వేసుకున్నాడు. చివర మిగిలిన కొంచెం జెమీమా తన పళ్ళెంలోకి వంపుకుంది.

ఉప్పు డబ్బా పొయ్యి పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో. ఎవరూ అడగలేదు.